ఎడారి గోడ నుంచి నీలి కూజా దాకా

గోడ పొడవునా ఒక రైలు పోతూ ఉంటుంది. పెట్టె పెట్టెకూ కిటికీ, కిటికీ కిటికీలో ఒక తలకాయ. ఒకడికి తలపాగా, ఇంకొకడికి దొరటోపీ. ఇంజను పొగ ఉంగరాలు తిరుగుతూ వెనక్కి పోతుంది. పైవరసలో గోపికల నడుమ కృష్ణుడు. పక్క అరలో రాజస్థానీ ప్రేమగాథలోని ఢోలా, మారూల జంట ఒంటెనెక్కి తరుముకొచ్చేవాళ్లకు చిక్కకుండా పరుగు తీస్తోంది. చూరు కింద మొగలాయీ పూలతీగలు. ఇదంతా ఒకే ఇంటి ఒకే గోడ.

రాజస్థాన్‌లో సీకర్, ఝుంఝునూ జిల్లాలనూ చురూలో కొంత భాగాన్నీ కలిపి శేఖావాటి అంటారు. అక్కడ మండావా, నవల్‌గఢ్, ఫతేపూర్, రామ్‌గఢ్, లక్ష్మణ్‌గఢ్.. ఏ ఊళ్లో దిగినా వీధుల వరస ఇదే. ఊరు దాటితే మాత్రం కంటికి ఆనే రంగులు రెండే. ఇసుక రంగు ఒకటి, ఖేజ్రీ చెట్ల మసక పచ్చ ఇంకొకటి. ఖేజ్రీ అంటే మరేం కాదు, దసరానాడు మనం చుట్టూ తిరిగే జమ్మి. తెలంగాణ రాష్ట్ర వృక్షమూ అదే, రాజస్థాన్ రాష్ట్ర వృక్షమూ అదే.

ఈ నేల మీద, సీకర్ జిల్లాలోని మౌ అనే పల్లెలో 1922లో పుట్టారు కృపాల్ సింగ్ శేఖావత్.

ఆయన పేరు మన దగ్గర పెద్దగా వినిపించదు. ఆయన చేతి ఫలం మాత్రం చాలా ఇళ్లలో ఉంది. జైపూర్ వెళ్లొచ్చిన చుట్టాలు తెచ్చిన నీలం పళ్లెం, అల్మరా తలుపుకు బిగించిన పూల గుబ్బ, శిల్పారామం మేళాలో బేరమాడి కొన్న కూజా, అన్నీ 1950ల నాటికి దాదాపు ఊపిరాగిపోయిన ఒక పనిలోంచి వచ్చినవే. దాన్ని లేపి నిలబెట్టినవారిలో మొదటి పేరు కృపాల్ సింగ్‌ది. అంతకు ముందు ఆయన చిత్రకారుడు. గోడల మీద బొమ్మలు వేశారు. భారత రాజ్యాంగం చేతిరాత ప్రతికి బొమ్మలు సమకూర్చిన బృందంలో ఉన్నారు.

ఎడారిని చూసి బొమ్మలు వేసే చిత్రకారులు అనగానే ఒంటెల వరస, కుంగుతున్న సూర్యుడు, నెత్తిన బిందెలతో ఆడవాళ్లు గుర్తొస్తారు. హోటల్ లాబీల్లో వేలాడే సరుకు అది. కృపాల్ సింగ్‌ను అర్థం చేసుకోవడానికి ఆ చిత్రాలు పనికిరావు. ఆయన ఎడారి దగ్గర తీసుకున్నది పని పద్ధతి. ఆ పద్ధతి తెలియాలంటే ముందు గోడ సంగతి తెలియాలి.

తడి ఆరేలోగా

శేఖావాటిలో ఇళ్లు కట్టిన మేస్త్రీలను చేజారాలు అంటారు. వాళ్లు కులానికి కుమ్మరులు. గోడ లేపిందీ, గచ్చు చేసిందీ, ఆ గచ్చు మీదికి కృష్ణుణ్ణి దింపిందీ వాళ్లే. మనకు తాపీ మేస్త్రీ వేరు, పెయింటర్ వేరు, ఆర్టిస్టు అనిపించుకునేవాడు మరీ వేరు. అక్కడ తాపీ, కుంచె ఒకే చేతిలో ఉండేవి. ఎవరో ఉదారబుద్ధితో చేసిన ఏర్పాటేమీ కాదు, పని అలాంటిది. తడి గచ్చు మీద బొమ్మ వేయాలంటే ఆ గచ్చు ఎంతసేపట్లో బిగుస్తుందో వేలు ఆనించి చెప్పగలిగినవాడే వేయాలి.

జైపూర్ వైపు ఈ పనిని ఆరాయిష్ అంటారు. సున్నాన్ని నీళ్లలో నెలల తరబడి నానబెడతారు. పట్టింపు ఉన్న మేస్త్రీలైతే ఏళ్లు కూడా. పై నీళ్లు మారుస్తూ, పెరుగు, బెల్లం కలుపుతూ పోతే ఘాటు చచ్చి మెత్తని ముద్ద తేలుతుంది. హైదరాబాద్‌లో పాత కట్టడాలు బాగుచేసే పనివాళ్లు డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ కలపడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. గోడకు మొదట ముతక పొరలు. వాటి మీద సున్నం, పాలరాతి పొడి కలిపిన సన్న పొరలు, ఒకదానికంటే ఒకటి పలచన. ఆఖరి పొరకు వాడే సున్నాన్ని పలచటి గుడ్డలో వడగడతారు. అది తడిగా ఉండగానే రంగు పడాలి. రంగుల్లో బంక ఉండదు. ఎరుపుకు జేగురు, పసుపుకు పసుపు మట్టి, నలుపుకు దీపం మసి, నీలానికి నీలిమందు, తెలుపుకు సున్నమే. రంగు పడిన చోట చిన్న తాపీతో మెల్లగా తట్టి లోపలికి దిగేలా చేస్తారు. ఆపైన అకీకు రాయితో రుద్దుడు. చేతులు పడిపోయేదాకా రుద్దుడే. చివర కొబ్బరినూనె పట్టించి గుడ్డతో తుడిస్తే గోడ నిగనిగలాడుతుంది.

సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. రంగు ఆ రాయిలో చిక్కుబడిపోతుంది. నూరేళ్లు దాటిన బొమ్మలు లోపలి గదుల్లో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయంటే కారణం అదే.

ఇందులో చిత్రకారుడికి రెండు చిక్కులు. ఒక పూటలో ఎంతమేర బొమ్మ వేయగలడో అంతమేరకే ఆఖరి పొర పరచాలి. గీత తప్పితే తుడిచేందుకు లేదు, చెక్కి తీసి మళ్లీ గచ్చు చేయాల్సిందే. రెండో చిక్కు ఇంకా పెద్దది. తడిమీద ముదురుగా కనిపించే రంగు ఆరాక తేలిపోతుంది. అంటే వేస్తున్నప్పుడు కళ్లెదుట ఉన్న రంగు వేరు, రేపు గోడ మీద నిలిచే రంగు వేరు. చేజారా కనబడని రంగును లెక్కలో పెట్టుకుని కుంచె ఆడించాలి. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, కూజాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

అన్ని గోడలకూ ఇంత ఖర్చు పెట్టలేదులెండి. ఆరిన గచ్చు మీద రంగు పూసి సరిపెట్టినవీ బోలెడు. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా జర్మనీ నుంచి డబ్బాల్లో రసాయన రంగులు దిగాయి. ఆ నీలం, ఆ ఎరుపు దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడతాయి. జేగురు పక్కన నాకవి అంతగా ఆనవు. ఇళ్లు కట్టించుకున్న వ్యాపారులకు, అంటే సేఠ్‌లకు మాత్రం విదేశీ రంగు హోదా. కారు, గ్రామఫోన్, విమానం బొమ్మలు గోడకెక్కింది కూడా ఆ ఊపులోనే.

యజమాని లేని ఊళ్లో హవేలీ

ఇన్ని బొమ్మలకు డబ్బెక్కడిది? ఒంటెల బిడారు దారులు పాతబడి సరుకంతా ఓడరేవులకూ రైళ్లకూ మళ్లాక శేఖావాటి వ్యాపారులు కలకత్తా, బొంబాయి, హైదరాబాద్ దారి పట్టారు. నూలు, నల్లమందు, జనపనార, వడ్డీలు, హుండీలు. బిర్లాలు, పోద్దార్లు, గోయెంకాలు, సింఘానియాలు ఈ ఇసుకలోంచి లేచినవాళ్లే. మగవాళ్లు అక్కడ, సంసారాలు ఇక్కడ. పంపిన డబ్బు హవేలీగా, బావిగా, చనిపోయిన పెద్దల పేరిట ఛత్రీగా, జోహడ్ అనే వాన నీటి చెరువుగా లేచింది. బావులకు నాలుగు మూలలా పొడవాటి మినార్లు కట్టారు. ఎడారిలో నడిచి వచ్చేవాడికి నీళ్లెక్కడున్నాయో దూరం నుంచే తెలియాలి మరి.

ఈ డబ్బులో హైదరాబాద్ వాటా కూడా ఉంది. లక్ష్మణ్‌గఢ్‌లో చార్ చౌక్ హవేలీ అని నాలుగు లోగిళ్ల పెద్ద ఇల్లు గనేరీవాలాలది. మంగళ్‌హాట్ దగ్గర సీతారాంబాగ్ గుడి కట్టించిన సేఠ్ పూరణ్‌మల్‌దీ అదే ఇంటిపేరు. పుష్కర్‌లో దక్షిణాది గోపురంతో నిలబడ్డ పాత రంగ్‌జీ గుడి కూడా ఆయన కట్టించిందే. పుష్కర్ వెళ్లిన తెలుగువాళ్లు ఆ గోపురం చూసి మన ఊళ్లో ఉన్నట్టుందే అనుకుంటారు. నిజాం రాజ్యంలో గడించిన సొమ్ము అలా ఎడారిలో గోపురమై లేచింది.

హవేలీ అనగానే డాబుసరి వ్యవహారం అనుకుంటాం గానీ దాని ప్లాను మొత్తం ఎండకు భయపడి వేసుకున్నది. వీధి ఇరుగ్గా ఉంటుంది, ఎదురింటి నీడ ఈ ఇంటి మీద పడేలా. పెద్ద తలుపు తోస్తే తిన్నగా లోపల ఏముందో కనబడదు. పోళీ అనే నడవలోంచి వెళ్లాలి. మొదటి లోగిలి మగవాళ్లది. పక్కన బైఠక్, అక్కడే పరుపుల మీద సేఠ్, ఆయన పద్దులు రాసే మునీమ్. రెండో లోగిలి ఆడవాళ్లది. వేడి గాలి లోగిలి మీదుగా పైకి పోతుంది, మందపాటి సున్నపు గోడలు మధ్యాహ్నపు సెగను లోపలికి తొందరగా రానివ్వవు. వీధివైపు పెద్ద కిటికీలు పెడితే వడగాలీ ఇసుకా ఇంట్లోకొస్తాయి, పైగా ఘోషా. అందుకని బయటి గోడల్లో చాలా భాగం గుడ్డి గోడలే. చేజారాకు దొరికిన జాగా అది. చూరును మోసే దూలపు మొనల మధ్య గళ్లు కూడా వదల్లేదు. ప్రతి గడిలో ఒక ఏనుగో, ఒక నెమలో, వీణ పట్టుకున్న రాగిణో ఉండాల్సిందే.

ఇలాంటి గోడల మధ్య పెరిగిన కుర్రాడికి చిత్రం అంటే చట్రంలో బిగించి మేకుకు తగిలించేది అని ఎవరూ చెప్పక్కర్లేదు, చెప్పినా నమ్మడు.

మేస్త్రీ ముందు నందలాల్

కృపాల్ సింగ్ మొదట శేఖావాటిలోనే ఉన్న పిలానీలో భూర్ సింగ్ శేఖావత్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత శాంతినికేతన్. తమాషా ఏమిటంటే ఎడారి గోడ ఆయనకంటే ముందే శాంతినికేతన్ చేరుకుంది.

అక్కడి కళాగురువు నందలాల్ బోస్ అజంతా, బాఘ్ గుహల బొమ్మలకు నకళ్లు తీసిన మనిషి. గోడ మీద బొమ్మ వేయడమంటే ఆయనకు ప్రాణం. అయితే తడి గచ్చు పని పుస్తకాలు చదివితే వచ్చేది కాదు. అందుకని జైపూర్ నుంచి నర్సింగ్‌లాల్ అనే మేస్త్రీని పిలిపించారు. విద్యార్థులతోపాటు తానూ ఆయన దగ్గర ఆరాయిష్ నేర్చుకున్నారు. శిష్యులంతా మాస్టర్ మొశాయ్ అని పిలుచుకున్న గురువు ఒక తాపీ మేస్త్రీ ఎదుట శిష్యుడయ్యాడు. మన లలితకళల కాలేజీల్లో ఏ మేస్త్రీనైనా అలా కుర్చీ వేసి కూర్చోబెట్టారా అంటే చెప్పడం కష్టం.

1946–47లో బినోద్ బిహారీ ముఖర్జీ శాంతినికేతన్ హిందీ భవన్‌లో మధ్యయుగ భక్తుల జీవితాలను మూడు గోడలకెక్కించారు. రామానుజుడు, కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవింద్ సింగ్, వాళ్ల చుట్టూ నదిలా సాగే జనం. బినోద్ బిహారీకి చిన్ననాటి నుంచీ ఒక కంట చూపు లేదు, రెండో కన్నూ అంతంతమాత్రమే. అయినా గోడకు సరిపడా పెద్ద నమూనా ఏదీ ముందుగా గీసి పెట్టుకోకుండా నేరుగా తడి గచ్చు మీద పని సాగించారు. పక్కన సాయం పట్టిన కుర్రాళ్లలో కె.జి. సుబ్రమణ్యన్ ఒకరు, కృపాల్ సింగ్ ఇంకొకరు. సొంత ఊళ్లో కుమ్మరి మేస్త్రీలు చేసే పనిని ఈ రాజపుత్ర యువకుడు వెయ్యి మైళ్ల అవతల, బెంగాలీ గురువు దగ్గర, చేతులకు సున్నం అంటించుకుని నేర్చుకున్నాడన్నమాట.

అదే శాంతినికేతన్‌కు హైదరాబాద్ నుంచి మన కొండపల్లి శేషగిరిరావు వెళ్లొచ్చారు. తిరిగొచ్చి ఇక్కడి కళాశాలలో కొన్ని తరాల విద్యార్థులకు పాఠం చెప్పారు. ఆ బడి నుంచి వచ్చినవాళ్లకు ఒక లక్షణం ఉంటుంది. సొంత నేల మీది పాత బొమ్మ దగ్గరికి వెళ్లి కూర్చుంటారు.

రాజ్యాంగం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేత్తో రాసిన ఇంగ్లిషు ప్రతిలో ఒక్కో భాగం మొదట్లో ఒక్కో బొమ్మ పెట్టారు. మొత్తం ఇరవై రెండు భాగాలు. మొహంజోదారో ముద్ర నుంచి స్వాతంత్ర్య పోరాటం దాకా వరసగా చరిత్ర నడుస్తుంది. ఆఖరి మూడూ భూగోళం. ఇరవయ్యో భాగానికి హిమాలయాలు, ఇరవై ఒకటికి ఎడారి, ఇరవై రెండుకు సముద్రం. నందలాల్ పర్యవేక్షణలో ఆ పని చేసిన శిష్యుల్లో కృపాల్ సింగ్ ఉన్నారు. తెలుగువాళ్లకు ఇందులో ఒక చిన్న ముడి ఉంది. ఎడారి బొమ్మతో మొదలయ్యే ఆ ఇరవై ఒకటో భాగంలోకే తర్వాతి కాలంలో మన 371-డి అధికరణం వచ్చి చేరింది. లోకల్, నాన్‌లోకల్ అని ఉద్యోగాల దగ్గర, సీట్ల దగ్గర మనం తగువులాడుకునే ప్రతిసారీ తిరగేసేది ఆ భాగాన్నే. దాని తలుపు దగ్గర ఇసుక తిన్నెలున్నాయని ఎవరికీ గుర్తుండదు.

గాలిపటాలు, గాజుపొడి

శాంతినికేతన్ తర్వాత కృపాల్ సింగ్ టోక్యో వెళ్లి ప్రాచ్యకళల్లో డిప్లొమా తీసుకున్నారు. జపాన్‌లో కుమ్మరికి చిత్రకారుడితో సమానంగా పీట వేస్తారు. 1955లో హమదా షోజి అనే కుమ్మరిని ఆ దేశం సజీవ జాతీయ సంపదగా ప్రకటించింది. ఆ గాలి పీల్చి వచ్చిన మనిషికి కూజా ముందు కూర్చోవడం చిన్నతనంగా అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

జైపూర్ నీలి పాత్రల కథకు ఒక గాలిపటం కథ తోడుంది. మహారాజా సవాయి రామ్‌సింగ్ గాలిపటాల పందెం చూస్తుంటే బయానా నుంచి వచ్చిన చూడామణి, కాలూరామ్ అనే అన్నదమ్ములు రాజుగారి మనుషుల గాలిపటాలన్నిటినీ కోసేశారట. దారానికి ఏం పూశారయ్యా అంటే తమ కుమ్మరి పనిలో వాడే గాజుపొడి అని చెప్పారట. రాజు ముచ్చటపడి వాళ్లను ఢిల్లీ పంపి నీలి పాత్రల పని నేర్పించి, జైపూర్ కళాశాలలో పెట్టాడని చెప్పుకుంటారు. కథలో ఎంత నిజమో గానీ, రామ్‌సింగ్ కాలంలో, అంటే పందొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో, ఈ పనికి జైపూర్‌లో ఆదరణ దొరికిందన్నది వాస్తవం. మూలం పారశీక పనితనం. మధ్య ఆసియా మసీదుల పలకల మీద, హైదరాబాద్ పత్తర్‌గట్టీ పక్కనున్న బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద కనిపించే నీలాలకూ ఇదే తోవ.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. పాళ్లు ఇంటి గుట్టు. కొడుక్కు చెబితే చెప్పినట్టు, లేకపోతే మనిషితోపాటే పోయినట్టు. అఖిల భారత హస్తకళల బోర్డుకు నాయకత్వం వహించిన కమలాదేవి చటోపాధ్యాయ, జైపూర్ రాణి గాయత్రీదేవి ఈ పనిని బతికించాలని పట్టుబట్టారు. ఆ భారం కృపాల్ సింగ్ మీద పడింది. సవాయి రామ్‌సింగ్ పేరుతో నడిచిన శిల్పకళా మందిర్‌లో శిష్యులను తయారుచేశారు. బనీ పార్క్‌లోని సొంత ఇంట్లో కృపాల్ కుంభ్ పేరుతో కొలిమి పెట్టుకున్నారు.

కుండ అంటే బంకమట్టి, సారె అనుకుంటాం. జైపూర్ నీలి పాత్రలో బంకమట్టి అనేదే ఉండదు. పలుగురాయి పొడి ఎక్కువ భాగం. దానికి గాజు పొడి, కాస్త ముల్తానీ మట్టి, వెలిగారం, సోడా, బంక. పలుగురాయి పిండికి జిగట లేదు, సాగదు. సారె మీద పెట్టి లాగితే విరిగిపోతుంది. అందుకని చపాతీలా ఒత్తి, అచ్చులో పరిచి, కుంగిపోకుండా లోపల బూడిద నింపుతారు. పొట్ట ఒక అచ్చు, మెడ ఇంకొకటి, అడుగు మాత్రం చిన్న సారె మీద. ముక్కలన్నీ ఆరాక అతికి, గరుకు కాగితంతో అరగదీసి, పలుగురాయి, గాజు, మైదా కలిపిన తెల్లటి పూత పూస్తారు. ఇంతవరకూ జరిగింది గోడ పనే. ముతక పొర, సన్న పొర, తెల్లటి ఆఖరి పొర. బొమ్మకు ఒళ్లు సిద్ధమైంది.

ఇప్పుడు ఉడుత వెంట్రుకల కుంచె. కోబాల్ట్ ఆక్సైడ్‌ను బంకనీళ్లలో కలిపి గీత గీస్తారు. ఆ గీత నల్లగా ఉంటుంది. నీలం ఎక్కడా కనబడదు. రాగి ఆక్సైడ్ కూడా అంతే, మసి బొగ్గు రంగు. పూవు రేకులు, పక్షి రెక్క, చుట్టూ తీగ అన్నీ ముసురుపట్టిన రంగుల్లోనే వేయాలి. వాటిమీద గాజుపూత పోసి, కట్టెల కొలిమిలో ఒకే ఒక్కసారి కాలుస్తారు. మంట ఎనిమిది వందల డిగ్రీలు దాటాక కోబాల్ట్ నీలమవుతుంది, రాగి నెమలిపింఛం రంగుకు తిరుగుతుంది. కొలిమి చల్లారడానికి రెండు మూడు రోజులు ఆగాలి. ముందే తలుపు తీస్తే గాలి తగిలి పాత్ర చిట్లుతుంది. ఒకసారి చిట్లిన సరుకును మళ్లీ మట్టిగా చేసుకునే వీలు లేదు.

వేస్తున్నప్పుడు కనబడని రంగును నమ్ముకుని వేయడం. చేజారా గచ్చు ముందు చేసిందీ అదే, కృపాల్ సింగ్ కూజా ముందు చేసిందీ అదే. నూనెరంగుల చిత్రకారుడికి ఈ కష్టం తెలియదు. నచ్చకపోతే రేపు ఇంకో పూత వేస్తాడు. అందుకే ఆయన గోడ వదిలి కుండకు మళ్లారు అనే మాట నాకు సరిగా తోచదు. గోడను గుండ్రంగా తిప్పుకున్నారు, అంతే.

కొలిమికి ఆయన చేర్చింది కూడా చిత్రకారుడు చేర్చగలిగిందే. అంతకుముందు నీలం, నెమలినీలం, తెలుపుల చుట్టూ తిరిగిన పనిలోకి పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు తెచ్చారు. పాత పూలతీగల పక్కన సూక్ష్మచిత్రాల గుర్రాలు, పక్షులు, అజంతా ముద్రలు చోటు చేసుకున్నాయి. పళ్లెం గుండ్రంగా ఉంటుంది కాబట్టి బొమ్మ చట్రం లెక్క మారుతుంది. తీగ ఎక్కడ మొదలైందో తెలియకుండా తిరిగి తనలోకే రావాలి. కూజా అయితే మరీ చిక్కు. ఎటునుంచి చూసినా సగం బొమ్మే కనిపిస్తుంది, మిగతా సగానికి మనిషి చుట్టూ తిరగాలి. హవేలీ లోగిట్లో నిలబడి నాలుగు గోడలు చూసినవాడికి ఈ లెక్క కొట్టిన పిండి.

బొమ్మలు మానేయలేదు ఆయన. పురాణ గాథలు, రాజపుత్ర చరిత్ర ఘట్టాలు సన్నని గీతలో, వందలాది మనుషుల గుంపులతో వేస్తూనే వచ్చారు. ఢిల్లీలో గాంధీజీ ఆఖరి రోజులు గడిపిన బిర్లా హౌస్‌లో గాంధీ జీవితాన్ని గోడకెక్కించారు. ఇల్లు కట్టించింది పిలానీ సేఠ్ బిర్లా, గోడకు బొమ్మ వేసింది సీకర్ చిత్రకారుడు. శేఖావాటి పాత ఒప్పందం రాజధానిలో ఇంకోసారి అమలైంది.

ఏ గదిలో పెట్టాలి?

కృపాల్ సింగ్‌కు 1974లో పద్మశ్రీ వచ్చింది. 2002లో శిల్పగురు పురస్కారం ఇచ్చారు. రెండోది జౌళి శాఖ హస్తకళల నిపుణులకిచ్చేది. 2008లో కన్నుమూశారు. ఆధునిక భారతీయ చిత్రకళ మీద రాసే పుస్తకాల్లో మాత్రం ఆయన పేరు ఒక వాక్యానికి మించి ఉండదు. హిందీ భవన్ గోడ దగ్గర పక్కపక్కన నిలబడి పనిచేసిన సుబ్రమణ్యన్ మీద పుస్తకాలే వచ్చాయి. సుబ్రమణ్యన్ గొప్పవాడే, అందులో అనుమానం లేదు, ఆయన కూడా టెర్రకోట, నేత పనుల వైపు చేయి చాచినవాడే. తేడా ఎక్కడొచ్చిందంటే సుబ్రమణ్యన్ హస్తకళను ఆర్ట్ కాలేజీలోకి తెచ్చారు, కృపాల్ సింగ్ తానే హస్తకళలోకి వెళ్లిపోయారు. అలా వెళ్లినవాణ్ణి మన కళావిమర్శ గుమ్మం బయట వదిలేసింది. పళ్లెంలో అన్నం తినొచ్చు కాబట్టి దాని మీది బొమ్మ బొమ్మే కాదనే బుద్ధి మనకు వలస పాలకులు పెట్టిన ఆర్ట్ స్కూళ్ల నుంచి వచ్చింది. చేజారాకు ఈ పేచీ లేదు. అతని దృష్టిలో ఇల్లు కట్టడంలో బొమ్మ ఒక భాగం, గుమ్మం లాగే, మెట్ల లాగే.

కులం లెక్కలో చూస్తే ఈ కథ ఇంకా పదునుగా ఉంటుంది. కుమ్మరులు సారె పక్కన పెట్టి గోడలెక్కి చిత్రకారులయ్యారు. ఠాకూర్ల ఇంట పుట్టినవాడు గోడ దిగి కొలిమి ముందు కూర్చున్నాడు. ఆయన చేరాక ఈ పనికి రాజస్థాన్‌లో గౌరవం పెరిగింది. అందులో ఆయన ప్రతిభకు ఎంత వాటా, ఇంటిపేరుకు ఎంత వాటా అని అడిగితే నేనైతే రెంటికీ ఇస్తాను. చేజారాల పేర్లు అన్నన్ని గోడలు వేసినా మనకు మిగల్లేదు కదా.

ఇప్పుడు గోడల పరిస్థితి బాగాలేదు. హవేలీల వారసులు కోల్‌కతాలోనో ముంబయిలోనో ఉంటారు. ఒక ఇంటికి ఇరవై మంది వాటాదారులు, ఒక చౌకీదారు. కొన్ని హోటళ్లయ్యాయి. ఫతేపూర్‌లో నదీన్ లె ప్రాన్స్ అనే ఫ్రెంచి చిత్రకారిణి ఒక పాత హవేలీ కొని బాగుచేయించుకున్నారు. చెక్కిన తలుపులు ఊడదీసి పాత సామాన్ల వ్యాపారులకు అమ్మినవీ ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద శత్రువు మంచి మనసుతో చేసే సిమెంటు మరమ్మతు. సున్నపు గోడ చెమ్మను పీలుస్తుంది, వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, ఉప్పంతా పక్కనున్న బొమ్మ వైపు తోసుకొస్తుంది. రెండు మూడు వానాకాలాలకు కృష్ణుడి ముఖం పొక్కులెక్కి రాలుతుంది. కింద అతుకు వేసిన అడుగుభాగం మాత్రం చెక్కుచెదరకుండా నిలబడుతుంది.

నీలి పాత్రలు ఇంకో దారిన పోయాయి. జైపూర్ దగ్గర కోట్ జేవర్ లాంటి పల్లెల్లో ఇళ్ల దగ్గరే ఈ పని సాగుతోంది. లీలా బోర్దియా 1970ల చివర్లో అక్కడి పనివాళ్లతో కలిసి పూసలు, తలుపు గుబ్బలు చేయించడం మొదలుపెట్టాక విదేశాల ఆర్డర్లు వచ్చాయి. గుబ్బ మీద గుర్రాల బారు పట్టదు, ఒక పూవు పడుతుంది. రోజుకు వందల పూలు గీసే చేతికి కృపాల్ సింగ్ గీత రావాలని అడగడం అన్యాయం. పని నిలిచింది, బొమ్మ చిన్నదైపోయింది. అయినా గీసేది ఉడుత కుంచెతోనే, ఇప్పటికీ నల్లటి కోబాల్ట్‌తోనే.

సీకర్, ఝుంఝునూల నుంచి ఈ తరం మగవాళ్లు గల్ఫ్ వెళ్తున్నారు, మన కరీంనగర్, నిజామాబాద్ నుంచి వెళ్లినట్టే. దీనార్లు, రియాళ్లతో హవేలీల పక్కనే కొత్త ఇళ్లు లేస్తున్నాయి. సిమెంటు గోడలు, వీధివైపు పెద్ద అద్దాల కిటికీలు, లోపల ఏసీలు. కట్టేవాడు ఒకడు, రంగులేసేవాడు ఇంకొకడు. ఆరాయిష్ తెలిసిన మేస్త్రీకి పని కావాలంటే జైపూర్, ఉదయ్‌పూర్ హోటళ్లలో దొరుకుతోంది. అకీకు రాయి చేతబట్టి వాళ్లు తెల్లటి గోడలకే మెరుగు పెడుతున్నారు. వాటి మీద బొమ్మ వేయమని అడిగేవాళ్లు తక్కువ.